చప్పుడు చేయని టాపెట్లు: ఒక డర్ట్ బైకు వాల్వుల డైరీ

శుక్రవారం రాత్రి, మధురవాడ, విశాఖపట్నం

ఇంజను చల్లగా ఉంటే ఒకటి రెండు కిక్కులకే అందుకుంటుంది. కాసేపు తోటలో తిప్పి, మంచినీళ్లు తాగుదామని ఆపితే మాత్రం మొండికేస్తుంది. వేడి ఇంజనుకు అదనంగా గాలి అందించే, హ్యాండిల్ మీది హాట్ స్టార్ట్ లీవరు నొక్కిపట్టి తన్నినా చొక్కా తడిసేదాకా పలకదు. దానికి తోడు ఐడిలింగ్ నిలవక, స్క్రూను కొద్దికొద్దిగా పెంచుకుంటూ వస్తున్నాను. కిక్కు పెడల్ కూడా మునుపటంత బరువుగా తగలడం లేదు. ఈ మూడూ ఒక్కసారే కనబడితే నా అనుమానం కార్బురేటరు మీదికి పోదు, నేరుగా వాల్వుల మీదికి పోతుంది.

బండి 2008 నాటి యమహా వైజడ్ 250ఎఫ్. రేసుల్లో తిరిగి, చేతులు మారి నా దగ్గరికి వచ్చింది. సెల్ఫ్ స్టార్టు లేదు, హెడ్‌లైటు లేదు, నంబరు ప్లేటు లేదు. రోడ్డెక్కే హక్కు లేని బండి కనుక టాటా ఏస్‌లో ఎక్కించుకుని, ఆనందపురం దాటాక తెలిసినవారి జీడితోటకు తీసుకెళ్తాం. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు ఉండగా అంత దూరం ఎందుకని అడిగేవారు ఇంకా ఉన్నారు. అది భూవారసత్వ స్థలం. గాలి, నీరు, సముద్రం వేల ఏళ్లు కూర్చి పేర్చిన గుట్టను టైరుతో చెక్కే సరదా నాకు లేదు.

ఈ ఇంజనుకు ఐదు వాల్వులు. పెట్రోలు, గాలి మిశ్రమం లోపలికి రావడానికి మూడు (ఇన్‌టేక్), కాలిన వాయువు బయటికి పోవడానికి రెండు (ఎగ్జాస్ట్). 2001లో ఈ మోడల్ మొదలైనప్పటి నుంచి 2013 దాకా ఇదే పద్ధతి. 2014లో యమహా నాలుగు వాల్వులకూ ఫ్యూయల్ ఇంజెక్షన్‌కూ మారింది. నా బండిలో వాల్వులు టైటానియంవి. తేలికగా ఉంటాయి కాబట్టి ఇంజను పదమూడు వేల చుట్ల దాకా పరుగెత్తినా స్ప్రింగులు వాటిని అదుపులో ఉంచగలవు. అయితే టైటానియం మెత్తన. పైన ఉండే పలుచని గట్టి పూత చెక్కుచెదరనంత కాలమే దాని బలం.

తెలిసిన మెకానిక్కుకు ఫోనులో ఇంజను శబ్దం వినిపించాను. "టాపెట్ చప్పుడు ఏమాత్రం లేదు కదండీ, ఇంజను బ్రహ్మాండంగా ఉంది. కార్బురేటరు జెట్లు మార్చి చూడండి" అన్నాడు. టాపెట్ చప్పుడంటే వాల్వుకూ దాన్ని నొక్కే భాగానికీ మధ్య ఉండే సన్నటి సందు వల్ల వచ్చే టకటక. నన్ను భయపెడుతున్నది ఆ చప్పుడు లేకపోవడమే. అతని చెవిని తప్పు పట్టను. అది రాకర్లు (వాల్వును నొక్కే చేతులు), సందును సరిచేసే స్క్రూ టాపెట్లు ఉన్న రోజువారీ బళ్ల మీద తయారైన చెవి. వాటిలో రాకరు, స్క్రూ మొన అరిగి సందు పెరుగుతుంది, టకటక వినిపిస్తుంది, బిగిస్తే పోతుంది. మన దగ్గర టాపెట్ అంటే బిగించడమే అన్న అలవాటు అక్కడే పుట్టింది. ఈ ఇంజనులో జరిగేది దానికి వ్యతిరేకం. తిరిగే క్యామ్ ఇరుసు, వాల్వు కాడ మీద బోర్లించిన బకెట్ అనే చిన్న గిన్నెను నేరుగా నొక్కుతుంది, ఆ జోడీ చాలా నెమ్మదిగా అరుగుతుంది. అంతకంటే ముందు వాల్వు అంచు, అది కూర్చునే సీటు అరుగుతాయి. సీటులోకి దిగబడిన కొద్దీ వాల్వు కాడ పైకి లేస్తుంది, సందు తగ్గుతుంది, చప్పుడు కూడా తగ్గుతుంది. చివరికి ఇంజను వేడెక్కి కాడ సాగినప్పుడు సందు మిగలదు. వాల్వు పూర్తిగా మూసుకోదు, కంప్రెషన్ కారిపోతుంది. వేడి మీద స్టార్టు కాకపోవడానికి కారణం అదే. వాల్వు తన వేడిలో ఎక్కువ భాగాన్ని సీటుకు ఆనుకున్నప్పుడే వదిలించుకుంటుంది. ఆనడమే మానేస్తే అంచు కాలిపోవడం మొదలవుతుంది.

కాబట్టి జెట్ల జోలికి వెళ్లడం లేదు. రేపు విప్పుతాను.

శనివారం

ఇవాళ కడగడం, పైపై భాగాలు విప్పడం వరకే. ఇంజను మీద తోట మట్టి ఉండగా హెడ్ (వాల్వులు, క్యామ్‌లు ఉండే పై భాగం) కవరు తీస్తే, ఆ మట్టి చేరేది క్యామ్‌ల మీదికే. డీజిలు, బ్రష్షు, ఆ తరువాత సబ్బు నీళ్లు. ప్రెషర్ వాషరును దగ్గరికి రానివ్వలేదు.

సీటు, ష్రౌడ్లు (పక్కల ఉండే ప్లాస్టిక్ తొడుగులు), పెట్రోలు ట్యాంకు బయటికి వచ్చాయి. ట్యాంకును అపార్టుమెంటు సెల్లారులో వదిలితే గొడవ కనుక కాంపౌండు గోడ పక్కన నీడలో పెట్టి మూత బిగించాను. స్పార్క్ ప్లగ్గు గుంతను ముందుగా గాలితో ఊది, ఆ తరువాతే ప్లగ్గు విప్పాను. అక్కడ పోగుపడిన ఇసుక తిన్నగా సిలిండరులోకి దిగుతుంది కాబట్టి ఈ వరుస ముఖ్యం.

ఎయిర్ ఫిల్టరు తీసి చూస్తే కథ సగం తెలిసింది. స్పాంజి పొడిగా ఉంది, నూనె జాడ లేదు. కార్బురేటరు వైపు వెళ్లే రబ్బరు గొట్టం లోపల తెల్ల గుడ్డతో తుడిస్తే గుడ్డ ఎర్రబడింది. స్పాంజి ఫిల్టరుకు జిగట నూనె పట్టించకపోతే అది పెద్ద రేణువులను ఆపుతుందేమో గానీ మన ఎర్రమట్టి ధూళిని ఆపదు. ఆ ధూళి ఇన్‌టేక్ వాల్వు అంచుకూ సీటుకూ మధ్య చేరి, మూసుకున్న ప్రతిసారీ పూతను గీస్తుంది. ఇదే నిజమైతే రేపు ఇన్‌టేక్ వాల్వుల సందు తగ్గి ఉండాలి, ఎగ్జాస్ట్ వాల్వులవి సరిగ్గా ఉండాలి. ఈ మాట కొలవక ముందే రాసి పెడుతున్నాను.

కొలతలన్నీ చల్లటి ఇంజను మీదే తీయాలి కనుక, రాత్రంతా ఇలాగే వదిలేస్తాను.

ఆదివారం ఉదయం

ఎండ ఎక్కక ముందే మొదలుపెట్టాను. ఎడమ వైపు కవరులో ఉండే రెండు మూతలు విప్పితే, ఒకదానిలోంచి క్రాంక్ నట్టు అందుతుంది, రెండోదానిలోంచి రోటరు మీది గుర్తు కనిపిస్తుంది. స్పానరుతో అపసవ్య దిశలో తిప్పుతూ టీడీసీ (పిస్టన్ పూర్తిగా పైకి వచ్చిన స్థానం) గుర్తును కవరు మీది గుర్తుకు కలపాలి. అయితే క్రాంకు రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక్క చుట్టు తిరుగుతుంది. పిస్టన్ పైకి వచ్చినంత మాత్రాన అది కంప్రెషన్ స్ట్రోకే అనుకోవడానికి లేదు. రెండు క్యామ్ గేర్ల మీది చుక్కలు హెడ్ పై అంచుకు సరిగ్గా సమంగా ఉంటేనే మనకు కావలసిన స్థానం. అప్పుడు క్యామ్ ముక్కులు బకెట్లను వదిలేసి ఉంటాయి.

గుర్తు దాటిపోతే వెనక్కి లాగకూడదు. ఎగ్జాస్ట్ క్యామ్ మీద ఆటో డీకంప్రెసర్ ఉంది. కిక్కు తేలికగా పడడానికి, తక్కువ వేగంలో అది ఎగ్జాస్ట్ వాల్వును కాస్త ఎత్తి పట్టుకుంటుంది. వెనక్కి తిప్పితే అది అడ్డం వచ్చి కొలత తప్పుగా చూపవచ్చు. ఓపిగ్గా మరో రెండు చుట్లు ముందుకే తిప్పి రావడం మేలు. అన్నట్టు, ఈ డీకంప్రెసర్ వల్లనే ఇలాంటి ఇంజన్ల మీద మామూలు కంప్రెషన్ గేజి చూపే అంకెను నేను నమ్మను.

ఇక సందు కొలిచే సన్నటి రేకుల సెట్టు, ఫీలర్ గేజి. దుకాణాల్లో చౌకగా దొరికే పదమూడు రేకుల సెట్టులో 0.05, 0.10, 0.15 అంటూ అంతరాలు పెద్దవి. కారుకు సరిపోతుంది, దీనికి చాలదు. 0.03 నుంచి 0.10 వరకు ప్రతి 0.01కీ రేకు ఉన్న సెట్టు కావాలి. ఆపై కొలతలకు రెండు రేకులు జోడించుకోవచ్చు. 0.10, 0.07 కలిపితే 0.17. రెండు రేకుల మధ్య నూనె పొర లేకుండా తుడవాలి, లేకపోతే అది కూడా కొలతలో కలుస్తుంది.

రేకు ఎలా ఆడాలన్నది మాటల్లో చెప్పడం కష్టమే అయినా ప్రయత్నిస్తాను. వదులుగా జారిపోతే అది సందు కంటే సన్నం. నెట్టితే వంగిపోతుంటే లావు. ముందుకూ వెనక్కూ లాగినప్పుడు వేళ్లకు ఒకే రకమైన మెత్తటి పట్టు తెలియాలి. నా పద్ధతి ఏమిటంటే, పట్టు తగిలిన రేకు దగ్గర ఆగను. దాని పై రేకు దూరడం లేదని చూసుకున్నాకే అంకె రాస్తాను. దూరినది, దూరనిది రెండూ తెలిస్తేనే అది కొలత.

మాన్యువల్ చెప్పేది: ఇన్‌టేక్ 0.10 నుంచి 0.15 మిల్లీమీటర్లు, ఎగ్జాస్ట్ 0.17 నుంచి 0.22. నాకు వచ్చినవి ఇవి. ఎగ్జాస్ట్ ఎడమ 0.20, కుడి 0.19. ఇన్‌టేక్ ఎడమ 0.08, మధ్యది 0.10, కుడి 0.06.

నిన్న రాసిన మాట నిలబడింది. ఎగ్జాస్ట్ రెండూ నిక్షేపంగా ఉన్నాయి. ఇన్‌టేక్ మూడింటిలో రెండు హద్దు దాటాయి, మూడోది హద్దు మీద నిలబడి ఉంది. కుడి వాల్వు సందు కింది హద్దు కంటే తలవెంట్రుక మందం కూడా లేనంత తేడాతోనే తగ్గింది. వేడి మీద బండి మొండికేయడానికి అది చాలు.

ఆదివారం మధ్యాహ్నం

సందు సరిచేయాలంటే ఇందులో స్క్రూ ఉండదు. వాల్వు కాడ కొనకూ బకెట్‌కూ మధ్య చిన్న ఉక్కు బిళ్ల ఉంటుంది. షిమ్ అంటారు. దాన్ని తీసి వేరే మందం ఉన్న బిళ్ల వేయాలి. అందుకు క్యామ్‌లు పైకి లేవాలి.

ముందుగా క్యామ్ చైన్ గుంతలో శుభ్రమైన గుడ్డ కుక్కాను. అక్కడ జారిన వస్తువు క్రాంక్ కేసులోకి పోతుంది. ఈ ఇంజనులో క్యామ్‌లను పట్టి ఉంచే క్యాపుల కింద చిన్న అర్ధచంద్రాకారపు క్లిప్పులు ఉంటాయి. జారిపోవడానికే పుట్టినట్టుంటాయి. చైన్‌ను బిగుతుగా ఉంచే టెన్షనరు విప్పాక, క్యాపు బోల్టులను బయటి నుంచి లోపలికి, ఎదురెదురుగా, ఒక్కొక్కటి కొంచెం కొంచెంగా వదులు చేశాను. ఒకేచోట పూర్తిగా విప్పితే స్ప్రింగుల ఒత్తిడికి క్యాపు వంకరపోతుంది. క్యాపులను హెడ్‌తో కలిపి ఒకేసారి బోరు చేస్తారు కనుక క్యాపు విరిగితే క్యాపు ఒక్కటే కొనుక్కుంటే సరిపోదు, హెడ్ మొత్తం మార్చాలి. చైన్‌ను బైండింగు తీగతో ఫ్రేముకు కట్టేశాను.

బకెట్లు అయస్కాంతానికి సులువుగా వచ్చాయి. బిళ్లలు కొన్ని వాల్వు మీదే ఉంటాయి, కొన్ని నూనెకు అంటుకుని బకెట్ అడుగున వస్తాయి. ఏ బకెట్, ఏ బిళ్ల ఏ వాల్వుదో కలిసిపోకూడదు. వంటింట్లో పాత ఇడ్లీ రేకు ఒకటి అడిగి తెచ్చుకున్నాను. ఈ పనికి అంతకంటే మంచి పనిముట్టు లేదు గానీ దానికి నాలుగే గుంటలు. ఐదు వాల్వుల ఇంజను గీసినవారు ఇడ్లీ రేకును లెక్కలోకి తీసుకున్నట్టు లేదు. ఐదోదానికి చట్నీ గిన్నె దొరికింది.

ఆదివారం సాయంత్రం, సింధియా

బిళ్లల మీద అంకెలు ఉంటాయి. 178 అని ఉంటే 1.78 మిల్లీమీటర్లు. పాత బిళ్లల మీద అంకె చెరిగిపోతుంది, చెరగకపోయినా దాన్ని నమ్మి లెక్క వేయకూడదు. అందుకే మందం కొలిచే మైక్రోమీటరు ఉన్న బాబాయిగారి ఇంటికి వెళ్లాను. షిప్‌యార్డులో ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి. సముద్రపు గాలికి తుప్పు పట్టకుండా ఆ మైక్రోమీటరును నూనె గుడ్డలో చుట్టి, చెక్క పెట్టెలో పెట్టి, బీరువాలో బట్టల మధ్య దాస్తారు.

"ముందు సున్నా చూడు నాయనా, తరువాత బిళ్ల చూడు" అంటూ, తెల్ల కాగితం ముక్కను దవడల మధ్య మెల్లగా బిగించి బయటికి లాగారు. దవడల మీది ధూళి కాగితానికి అంటుకుని వచ్చేసింది. సున్నా సరిగ్గా కూర్చుంది. ఒక్కో బిళ్లను మధ్యలోనూ అంచుల దగ్గరా కొలిచారు. మధ్యలో వాల్వు కాడ తగిలిన చోట మెరుపు ఉంది గానీ గుంట పడలేదు. గుంట పడి ఉంటే మైక్రోమీటరు దవడ అంచుల మీద ఆని ఉన్నదానికంటే ఎక్కువ మందం చూపించేది, లెక్క అంతా తప్పేది.

ఇన్‌టేక్ ఎడమ 1.78, మధ్యది 1.84, కుడి 1.81. యమహా విడిగా అమ్మే బిళ్లలు 1.20 నుంచి 2.40 వరకు 0.05 అంతరంతో ఉంటాయి. కర్మాగారంలో తొలిసారి వేసేవి మాత్రం 0.01 అంతరంతో ఉంటాయి. అందుకే ఈ వంకర అంకెలు.

సూత్రం చిన్నది. పాత బిళ్ల మందానికి కొలిచిన సందు కలిపి, కావలసిన సందు తీసేస్తే కొత్త బిళ్ల మందం వస్తుంది. నాకు కావలసినది 0.12 లేదా 0.13. ఇన్‌టేక్ సందు తగ్గడమే తప్ప పెరగదు కాబట్టి కింది హద్దుకు దూరంగా, మధ్య దగ్గరే గురిపెట్టాలి.

మధ్య వాల్వుకు 1.84 + 0.10 − 0.13, అంటే 1.81. ఆ బిళ్ల నా దగ్గరే ఉంది, కుడి వాల్వులోంచి తీసినదే. ఒకటి కొనే పని తప్పింది. కుడి వాల్వుకు 1.81 + 0.06 − 0.12, అంటే 1.75. ఇది బజారులో ఉన్న కొలతే. చిక్కు ఎడమ వాల్వు దగ్గర. 1.78 + 0.08 − 0.12 అంటే 1.74 కావాలి. 1.75 వేస్తే 0.11 వస్తుంది. హద్దులోనే ఉంటుంది గానీ అడుగుకు దగ్గర. 1.70 వేస్తే 0.16, హద్దు దాటుతుంది. ఎడమ నుంచి తీసిన 1.78 మరెక్కడా ఇమడదు. కుడిలో వేసి చూస్తే 0.09 వస్తుంది. కాబట్టి రెండు 1.75లు తెప్పించాలి.

చప్పుడు సంగతి చెబితే బాబాయిగారు నవ్వారు. "పెద్ద ఓడల డీజిల్ ఇంజన్ల దగ్గర కూడా ఇదే మాట చెప్పేవాళ్లం. కొట్టుకునే టాపెట్ తిడుతున్న పెళ్లాం లాంటిది, సంసారం నడుస్తున్నట్టే. మాట్లాడటం మానేసిందంటే అప్పుడు కంగారు పడాలి" అన్నారు. లోపలి గదిలోంచి పిన్నిగారు దగ్గిన దగ్గుకు మైక్రోమీటరు పెట్టెలోకి వెళ్లిపోయింది.

వారం మధ్యలో

7.48 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న బిళ్ల నగరంలో నేను అడిగిన ఏ దుకాణంలోనూ లేదు. గాజువాక ఆటోనగర్‌లో ఒక లేతు షాపాయన మాత్రం తేలిగ్గా తేల్చేశాడు. "తగ్గించడమే కదా, గ్రైండింగు చేసి ఇచ్చేస్తాను, అరగంట పని" అన్నాడు.

ఆశ పుట్టని మాట నిజం కాదు. కావలసినది సన్నబిళ్ల, చేతిలో ఉన్నది లావు బిళ్ల. అయినా ఒప్పుకోలేదు. గట్టిదనం పైపొరలోనే ఉండే బిళ్లను అరగదీస్తే లోపలి మెత్తటి ఉక్కు బయటపడుతుంది, వాల్వు కాడ దాన్ని గుంట చేస్తుంది. గ్రైండింగు వేడికి ఆ పైపొర కూడా చెడవచ్చు. అంతకంటే ముఖ్యం, ఇంత చిన్న బిళ్లను రెండు వైపులా సమాంతరంగా ఉండేలా పట్టుకోవడమే పెద్ద విద్య. ఒక వైపు వాలితే కాడ కొన మీద ఒత్తిడి ఒక మూలనే పడుతుంది. రెండు బిళ్లల ఖరీదు హెడ్ ఖరీదు ముందు లెక్కలోకి రాదు. అవి పాడైతే పోయేది హెడ్. ఈ బేరం నాకు నచ్చలేదు.

బెంగళూరు నుంచి కొరియరులో తెప్పించుకున్నాను. రాగానే మళ్లీ బాబాయిగారి దగ్గరికి. రెండింటి మీదా 175 అనే ఉంది. ఒకటి 1.75 తేలింది, రెండోది 1.74. నాకు ఎడమ వైపు కావలసినది అదే. మైక్రోమీటరు లేకపోతే ఈ రెండూ ఒకటేననుకుని చేతికి వచ్చినది వేసేసేవాణ్ణి.

శనివారం, బిగింపు

బిళ్లలకు ఇంజను ఆయిలు రాసి, అంకె కిందికి ఉండేలా కాకుండా బకెట్ వైపు ఉండేలా పెట్టాను. బకెట్లు తమ తమ గుంటల్లో వేలితో తిప్పితే తిరగాలి. క్యామ్ జర్నల్స్ (క్యాపుల్లో తిరిగే భాగాలు) మీద ధారాళంగా ఆయిలు. ముందు ఎగ్జాస్ట్ క్యామ్, చైన్‌ను ముందు వైపు వదులు లేకుండా లాగి పట్టి, ఆపై ఇన్‌టేక్ క్యామ్. చుక్కలు రెండూ హెడ్ అంచుకు సమంగా వచ్చేదాకా క్యాపుల జోలికి వెళ్లలేదు. ఒక్క పన్ను తేడా వచ్చినా ఈ ఇంజనులో వాల్వు పిస్టన్‌కు తగిలే ప్రమాదం ఉంది.

క్యాపు బోల్టుల బిగింపు 10 న్యూటన్ మీటర్లు. చెప్పుకోవడానికి చిన్న అంకె, చేతి అంచనాకు అందని అంకె. కార్ల షాపుల్లో కనిపించే పొడుగాటి టార్క్ రెంచికి ఈ కొలత తెలియదు. 5 నుంచి 25 వరకు చదివే చిన్నది కావాలి. రెండు విడతలుగా, లోపలి నుంచి బయటికి బిగించాను. టెన్షనరు కడ్డీని సన్నటి స్క్రూడ్రైవరుతో సవ్యదిశలో పూర్తిగా లోపలికి తిప్పి, బిగించాక వదిలాను.

గుడ్డ బయటికి తీశాను. అది చైన్ గుంతలోంచి బయటికి వచ్చిందో లేదో చూసుకోవడం కూడా ఒక మెట్టే. ఇంజనును స్పానరుతో నిదానంగా చాలా చుట్లు తిప్పి, ఎక్కడా గట్టిగా తగలడం లేదని తెలిశాక గుర్తులు, సందులు మళ్లీ చూశాను. ఎడమ 0.12, మధ్య 0.13, కుడి 0.12. కాగితం మీది లెక్క ఇనుములో నిలిచింది.

ఎయిర్ ఫిల్టరుకు కొత్త స్పాంజి, ఫిల్టరు ఆయిలు పిండి పట్టించి, అంచు చుట్టూ గ్రీజు. రబ్బరు గొట్టం లోపల మూడోసారి తుడిచిన గుడ్డ తెల్లగా వచ్చింది.

ఆదివారం, జీడితోట

చల్లటి ఇంజను వెంటనే అందుకుంది, అది పరీక్ష కాదు. పిచ్చిగా తిప్పి, ఫ్యాను లేని రేడియేటరు ఆవిరి కక్కే లోపే ఆపి, కాసేపు ఆగి తన్నాను. లీవరు పట్టుకుని రెండో కిక్కుకు పలికింది. ఐడిలింగ్ స్క్రూను పాత చోటికి తగ్గించినా ఆగిపోలేదు. పైనుంచి సన్నటి టిక్‌టిక్ వినిపిస్తోంది. తోడు వచ్చిన తమ్ముడు "అన్నయ్యా, టాపెట్లు కొట్టుకుంటున్నాయి, సరిగ్గా బిగించలేదేమో" అన్నాడు. వారం నుంచి నేను వినాలనుకుంటున్నది అదే.

ఇక్కడ ఆగిపోవచ్చు, చాలామంది ఆగిపోతారు. నా లెక్కలో ఇది సగం పనే. టైటానియం వాల్వు పూత ఇంకా ఉన్నదా పోయిందా అన్నది సందు అంకె చెప్పదు. ఆ అంకె ఎంత త్వరగా కదులుతుందో, అది చెబుతుంది. ఇంజను మీటరు ఐదు గంటలు తిరిగాక మళ్లీ తెరుస్తాను.

ఐదు గంటల తరువాత

ఎగ్జాస్ట్ రెండూ కదల్లేదు. ఇన్‌టేక్ ఎడమ 0.12, మధ్య 0.12. కుడి 0.08.

ఎడమది, మధ్యది కొత్త బిళ్లతో కుదురుకున్నాయి. కుడిది ఐదు గంటల్లో 0.04 తిన్నది. పూత పోయి మెత్తటి టైటానియం సీటుకు తగులుతోందన్నమాట. ఇప్పుడు 1.70 బిళ్ల వేస్తే సందు 0.13 అవుతుంది, ఇంకో ఐదు గంటలు నడుస్తుంది, ఆ తరువాత ఇంకా త్వరగా తగ్గుతుంది. బిళ్లలు మార్చుకుంటూ పోవడానికి అర్థం లేదు. అంచు పలుచబడిన వాల్వు తల ఒక రోజు విరిగి సిలిండరులో పడితే, పిస్టన్, హెడ్ రెండూ పోతాయి.

నిర్ధారణకు గాలి పరీక్ష ఒకటి చేశాను. పంక్చరు షాపు కంప్రెసరు గొట్టాన్ని అడాప్టరు ద్వారా ప్లగ్గు రంధ్రానికి తగిలించి, పిస్టన్‌ను టీడీసీలో నిలిపి, క్రాంకు తిరగకుండా స్పానరును గట్టిగా పట్టుకుని, తక్కువ ఒత్తిడితో గాలి వదిలాం. గాలి తప్పించుకునే దారే జబ్బు ఎక్కడో చెబుతుంది. సైలెన్సరులో బుసకొడితే ఎగ్జాస్ట్ వాల్వు, క్రాంక్ కేసు గొట్టంలో వినిపిస్తే పిస్టన్ రింగులు. మాకు కార్బురేటరు మూతిలోంచి వచ్చింది. సైలెన్సరు దగ్గర నిశ్శబ్దం, క్రాంక్ కేసు గొట్టంలో మామూలుగా ఉండాల్సిన పాటి సన్నటి గాలి. రింగుల మీద ఖర్చు లేదని తేలడం ఈ సాయంత్రానికి దొరికిన లాభం.

హెడ్ దించాలి. మూడు ఇన్‌టేక్ వాల్వులూ ఒకే ధూళి తిన్నవే కనుక మూడూ మారుస్తాను. రేసు బండికైతే మళ్లీ టైటానియమే వేసేవాణ్ణి. జీడితోటలో తిరిగే బండికి స్టీలు వాల్వులు చాలు, కాకపోతే అవి బరువు కాబట్టి వాటికి జోడీ స్ప్రింగులతో సహా కిట్టు తీసుకోవాలి. పాత స్ప్రింగులతో వేస్తే ఎక్కువ చుట్ల దగ్గర వాల్వు క్యామ్‌ను వదిలి తేలిపోతుంది.

సీటు కోయించడం అసలు పరీక్ష. బుల్లెట్ హెడ్లకు అలవాటైన షాపుల్లో వాల్వుకు గ్రైండింగు పేస్టు రాసి చేత్తో రుద్ది కూర్చోబెడతారు. స్టీలు వాల్వుకు అది కొంతవరకు చెల్లుతుంది. టైటానియం వాల్వుకు అలా చేస్తే పూతను మనమే చేజేతులా గీకేసినట్టు. నా ఎగ్జాస్ట్ వాల్వులు ఇంకా టైటానియంవే కాబట్టి వాటి దగ్గరికి పేస్టు రాకూడదని ముందే చెప్పాలి. మర్రిపాలెం వైపు ఇండస్ట్రియల్ ఎస్టేటులో కార్బైడ్ కట్టరుతో మూడు కోణాల్లో సీటు కోసే షాపు ఒకటి ఉందని బాబాయిగారు చెప్పారు. హెడ్‌ను ఖాళీగా, వాల్వులు విప్పి, కొత్త వాల్వులతో పాటు తెమ్మన్నారు. కిట్టు, వాల్వు సీళ్లు, హెడ్ గాస్కెట్ ఆర్డరు పెట్టాను. అవి వచ్చేలోగా హెడ్ దించి, గైడ్లలో (కాడలు జారే గొట్టాలు) వాల్వు కాడలు ఎంత ఊగుతున్నాయో కొలిచి పెట్టాలి. గైడ్లు కూడా పోయి ఉంటే ముందు గైడ్లు మార్చాకే సీటు కోయాలి.